ఉప్పల్‌లో ఉత్తరం, కోనసీమలో బావి

కీసర మండలంలో బోరు వేయించే రైతు ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయని అడుగుతాడు, ఎన్ని అంగుళాల ధార వస్తోందని అడుగుతాడు. బోరు ఏ దిక్కుకు ఒరిగిందని మాత్రం అడగడు. ఒరగడం మామూలే. గట్టి గ్రానైటును సుత్తిదెబ్బలతో కొట్టుకుంటూ దిగే బిట్టు, పగులు తగిలినచోట పక్కకు జారుతుంది. వెయ్యి అడుగుల బోరు రెండు డిగ్రీలు ఒరిగితే దాని అడుగు పది మీటర్లు పక్కకు పోయినట్టే. రైతుకు దానివల్ల నష్టమేమీ లేదు. పగులులో నీళ్లుంటే చాలు, ఆ పగులు బోరుకు తూర్పున ఉందా పడమరన ఉందా అన్నది ఆయనకు అక్కర్లేదు.

కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు కోసం, గ్యాసు కోసం దిగే బావి సంగతి వేరు. కోనసీమలో కొబ్బరితోటల మధ్య దొరికిన కాస్త జాగాలో రిగ్గు నిలబెట్టి, కింద రెండు మూడు కిలోమీటర్లు దిగి, అక్కణ్ణుంచి వంపు తిప్పి, ఊరి కిందుగానో కాలవ కిందుగానో అడ్డంగా సాగి, ఎక్కడో దూరాన ఉన్న ఇసుకరాతి పొరను అందుకోవాలి. ఒకే జాగా నుంచి నాలుగైదు బావులు నాలుగు దిక్కులకూ విచ్చుకుంటాయి. అలాంటిచోట ఒక బావి దారి తప్పి పక్క బావి కేసింగును, అంటే బావి గోడకు దించిన ఉక్కు గొట్టాన్ని, తాకితే ప్రమాదం. బావి అదుపు తప్పడమంటే ఏమిటో కోనసీమ 1995లో చూసింది. ఆ ఏడాది జనవరి 8న పాశర్లపూడిలో ఎగసిన మంటలు మార్చి దాకా ఆరలేదు. అలాంటి బావిని పక్కనుంచి మరో బావి తవ్వి మూయాల్సివస్తే, మొదటి బావి అడుగు ఎక్కడుందో మీటర్ల లెక్కన తెలిసుండాలి. అందువల్ల బావి తవ్వేటప్పుడు రాసిపెట్టుకున్న దారి లెక్క, ఆ బావి బతికున్నంతకాలం పనికొచ్చే పత్రం.

భూమి లోపల బిట్టు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? జీపీఎస్ రేడియో సంకేతాలు రాతిలోకి దిగవు. కాబట్టి ప్రతి అడుగునూ కొలిచి, దిక్కును కలుపుకుంటూ పోవడమే మార్గం. బిట్టుకు కొన్ని మీటర్ల వెనక, గొట్టం లోపల ఒక పరికరం ఉంటుంది. రిగ్గు మీద అందరూ దాన్ని ఎండబ్ల్యూడీ అంటారు. అందులో మూడు త్వరణమాపకాలు, మూడు అయస్కాంతమాపకాలు ఒకదానికొకటి లంబంగా అమర్చి ఉంటాయి. కొత్త పైపులు జోడించడానికి తవ్వకం ఆపినప్పుడు, అంటే సుమారు ముప్పై మీటర్లకోసారి, గొట్టం కదలకుండా ఉన్న ఆ కాసేపట్లో పరికరం ఆరు సంఖ్యలు చదువుతుంది. మొదటి మూడు భూమ్యాకర్షణను బట్టి నిలువునుంచి బావి ఎంత ఒరిగిందో చెబుతాయి. మిగతా మూడు భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి ఏ దిక్కుకు ఒరిగిందో చెబుతాయి. పంపు మళ్లీ మొదలయ్యాక ఈ సంఖ్యలు బావిలో తిరిగే బురదద్రవంలో పీడనపు అలలుగా పైకి వస్తాయి. చుట్టూ ఇనుప గొట్టాలే కదా, అయస్కాంతమాపకం వాటిని చూసి మోసపోదా? ఆ భయంతోనే పరికరం ఉన్నచోట గొట్టాన్ని అయస్కాంతానికి లొంగని ప్రత్యేక మిశ్రలోహంతో చేస్తారు.

ఒరిగిన కోణానికి ఆధారమైన భూమ్యాకర్షణ ఒకచోట రేపూ ఎల్లుండీ మారదు. దిక్కుకు ఆధారమైన అయస్కాంత క్షేత్రం అలా స్థిరంగా నిలవదు. అది ఊరు ఊరికీ మారుతుంది, ఏడాదికేడాదీ మారుతుంది, పగటికీ రాత్రికీ మారుతుంది. బావి దారిని లెక్కకట్టే మనిషి చేతిలో ఉన్న ఉత్తరం ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కొలిచి ఇచ్చిన ఉత్తరం అన్నదే ఈ అధ్యాయంలో అసలు ప్రశ్న. దానికి జవాబు చాలావరకు హైదరాబాదులో ఉప్పల్ రోడ్డు మీద దొరుకుతుంది.

ముందు చిన్న లెక్క. దిక్సూచి ముల్లు చూపే ఉత్తరానికీ భౌగోళిక ఉత్తరానికీ మధ్య కోణాన్ని దిక్పాతం అంటాం. తెలుగునేల మీద అది ఒక డిగ్రీ అటూఇటుగా, పడమటివైపు ఉంటుంది. కోనసీమలో ఒక బావికి 0.8 డిగ్రీలు అనుకుందాం. పరికరం 120 డిగ్రీలు చూపితే అసలు దిక్కు 119.2. ఇంకో సవరణ మిగిలుంది. బావి పటాన్ని గళ్ల కాగితం మీద గీస్తారు, ఆ గళ్ల ఉత్తరం భౌగోళిక ఉత్తరంతో అంతటా ఏకీభవించదు. పటాలకు వాడే యూటీఎం పద్ధతిలో మన ప్రాంతానికి మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం. కోనసీమ దానికి ఒక డిగ్రీ తూర్పున ఉంది కాబట్టి తేడా 0.28 డిగ్రీలు. కీసర రెండు డిగ్రీలకు పైగా పడమరన ఉంది కాబట్టి తేడా 0.7 డిగ్రీల దాకా, అదీ ఎదురు దిశలో. మన కోనసీమ బావికి చివరికి తేలే దిక్కు 118.92. కూడికలు, తీసివేతలు అంతే, ఒకటో తరగతి పిల్లాడు చేసే పని. అయినా ప్రపంచమంతటా బావులు దారి తప్పిన సందర్భాల్లో ఈ కూడిక, తీసివేత గుర్తులు తారుమారైనవి ఉన్నాయి. పై ఉదాహరణలో రెండు గుర్తులూ తిరగబడితే 121.08 వస్తుంది. అడ్డంగా మూడు కిలోమీటర్లు పోయేసరికి ఆ తేడా 113 మీటర్లు.

గుర్తులు సరిగ్గా పెట్టాక కూడా ఆ 0.8 అనే సంఖ్యను ఎంతవరకు నమ్మొచ్చు? అది సాధారణంగా ప్రపంచ నమూనా నుంచి వస్తుంది. అయిదేళ్లకోసారి విడుదలయ్యే ప్రపంచ అయస్కాంత నమూనా మన ఫోన్లలోని దిక్సూచికి ఆధారం. 2019లో ఉత్తర అయస్కాంత ధ్రువం సైబీరియా వైపు అనుకున్నదానికంటే వేగంగా జరగడంతో ఆ నమూనాను గడువుకు ముందే సవరించాల్సివచ్చింది. భూగర్భంలో 2,900 కిలోమీటర్ల కింద కరిగిన ఇనుము ప్రవాహం మారితే పైన మన లెక్కలన్నీ మారిపోతాయి. ఈ నమూనాకు మూడు వేల కిలోమీటర్లకంటే చిన్న తేడాలు కనబడవు. అంటే దాని కంటికి ఆంధ్రా, తెలంగాణా, తమిళనాడు అంతా ఒకే నున్నటి ఉపరితలం. చమురు పరిశ్రమ బ్రిటిష్ భూగర్భ సర్వే తయారుచేసే నమూనానూ, అమెరికా వాళ్ల సూక్ష్మ నమూనానూ వాడుతుంది. సూక్ష్మ నమూనా యాభై కిలోమీటర్ల తేడాల దాకా పట్టుకుంటుంది. ఒక బావి ప్రాంగణం లోపలి తేడాలు అదీ చూడలేదు.

ఆ తేడాలు ఎలా ఉంటాయో కీసరకు వెళ్తే కళ్లకు కనబడుతుంది. రామలింగేశ్వరుడి గుడికి వెళ్లే దారిలో, చుట్టుపక్కల పొలాల్లో, లేత గులాబీ బూడిదరంగు గ్రానైటు మధ్యలో నల్లటి గుండ్లు వరసగా పేర్చినట్టు సాగే కట్టలు కనిపిస్తాయి. ఎవరో పేర్చినవి కావు. గ్రానైటు పగుళ్లలోకి రెండు వందల కోట్ల ఏళ్లకు మునుపు కింది నుంచి ఎగబాకి గడ్డకట్టిన డాలరైటు అది. అలాంటి నిలువు రాతిగోడలను డైకులంటారు. డాలరైటులో మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం ఎక్కువ. అయస్కాంతమాపకం చేత్తో పట్టుకుని గ్రానైటు మీంచి నడుస్తూ ఆ నల్ల కట్టను దాటితే, పట్టుమని పాతిక అడుగుల్లో రీడింగు వందల నానోటెస్లాలు ఎగిరి, మళ్లీ దిగుతుంది. అయస్కాంత క్షేత్రపు బలాన్ని కొలిచే ప్రమాణం నానోటెస్లా; హైదరాబాదు చుట్టూ మొత్తం క్షేత్రం 43 వేల నానోటెస్లాలు. వందలంటే తక్కువేమీ కాదు. ఈ డైకులు భూగర్భజలాన్ని ఆనకట్టల్లా అడ్డుకుంటాయి కాబట్టి బోరు పాయింటు చూసేవాళ్లకూ ఇవి ముఖ్యమే.

కోనసీమలో పైన ఒండ్రుమట్టి తప్ప రాయి కనబడదు, కాబట్టి కింద ఇబ్బంది లేదనుకుంటే పొరపాటు. గోదావరి పడమటి గట్టున పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో తవ్వే నల్లరాయి, రాజమండ్రి ట్రాప్స్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే లావా. అది సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. అక్కడితో ఆగిపోలేదు, ఒండ్రు కిందుగా సముద్రం వైపు దిగిపోయింది. బావులు తవ్వేటప్పుడు రాజోలు ప్రాంతంలో తగిలిన ఈ లావా పొరకు రాజోలు పేరే స్థిరపడింది. ఇందులో ఇంకో చిక్కు ఉంది. క్వారీల్లో కింది లావా ప్రవాహం గడ్డకట్టిన నాటికి భూమి ధ్రువాలు తారుమారై ఉన్నాయి, పై ప్రవాహం నాటికి ఇప్పటి తీరుకు వచ్చాయి. ఆనాటి దిక్కును ఆ రాళ్లు ఇప్పటికీ తమలో నిలుపుకున్నాయి. ఒకే క్వారీ గోడలో రెండు పొరలు ముల్లును రెండు ఎదురు దిక్కులకు లాగుతాయన్నమాట. అలాంటి పొరల మీదుగా, లోపలగా బావి తీసుకెళ్లేటప్పుడు ప్రపంచ నమూనాను నమ్ముకోకూడదు. విమానంతోనో ఓడతోనో ఆ ప్రాంతపు అయస్కాంత సర్వే చేసి, స్థానిక తేడాను నమూనాకు కలపాలి. దీనివల్ల ఎంత లాభమో పరిశ్రమ దగ్గర లెక్కలున్నాయి. ఎండబ్ల్యూడీ సర్వేల పొరపాట్లకు 2000లో విలియమ్సన్ ప్రచురించిన నమూనా ప్రకారం, ఒక్క ప్రపంచ నమూనా మీదే ఆధారపడితే దిక్పాతంలో స్థిరమైన అనిశ్చితి 0.36 డిగ్రీలు, దానికి తోడు 5,000ను క్షేత్రపు క్షితిజ తీవ్రతతో, అంటే నేలకు సమాంతరంగా ఉండే భాగపు బలంతో, భాగిస్తే వచ్చేంత. కోనసీమలో క్షితిజ తీవ్రత సుమారు 40 వేల నానోటెస్లాలు, కాబట్టి రెండూ కలిపి 0.38 డిగ్రీలు. మూడు కిలోమీటర్లకు ఇరవై మీటర్లు. స్థానిక సర్వే కలిపితే ఆ రెండు అంకెలూ 0.15కూ 1,500కూ తగ్గుతాయి. ఇరవై మీటర్లు ఎనిమిదవుతుంది. విమానం ఖర్చు పెద్దదే, కానీ అది ఒక్కసారి చేస్తే ఆ క్షేత్రంలో తవ్వే అన్ని బావులకూ పనికొస్తుంది. రాయి కదలదు కదా.

కదిలేది ఆకాశం. పగలు ఎండకు పై వాతావరణం అయానీకరణం చెంది, నూరు కిలోమీటర్ల ఎత్తున విద్యుత్తు ప్రవహిస్తుంది. దాని ప్రభావంతో మన దగ్గర మధ్యాహ్నానికి క్షితిజ తీవ్రత యాభై నానోటెస్లాలు అటూఇటుగా పెరిగి, సాయంత్రానికి తగ్గుతుంది. ఇంకా దక్షిణంగా తిరునల్వేలి వైపు, అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ఆ ప్రవాహం ఇరుకైన పట్టీగా చేరి, పెరుగుదల అక్కడ బాగా ఎక్కువ. సిడ్నీ చాప్‌మన్ 1951లో దానికి ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్ అని పేరుపెట్టాడు. మన అక్షాంశంలో పుట్టినవాళ్లకు ఒక అదృష్టం ఉంది. ఇక్కడ క్షితిజ తీవ్రత బలమైనది, రోజువారీ మార్పు ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగానే ఉంటుంది, కాబట్టి ముల్లు పొడుగవుతుంది, పొట్టవుతుంది గానీ పెద్దగా తిరగదు. తూర్పుపడమరలుగా నూరు నానోటెస్లాల అలజడి వస్తే ఇక్కడ దిక్కు 0.14 డిగ్రీలు తిరుగుతుంది. క్షితిజ తీవ్రత తొమ్మిది వేలు మాత్రమే ఉండే అలాస్కా ఉత్తర తీరంలో అదే అలజడి 0.64 డిగ్రీలు తిప్పుతుంది. ఉత్తర సముద్రంలో, అలాస్కాలో తవ్వేవాళ్లు దగ్గర్లోని అయస్కాంత వేధశాల నుంచి నిమిషం నిమిషం సంఖ్యలు తెప్పించుకుని దిక్కును సవరించుకునే పద్ధతి 1990లలో మొదలుపెట్టింది అందుకే.

ఈ పని చేసే వేధశాల మనకు ఉప్పల్‌లోనే ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, 1961లో మొదలైంది. మూడేళ్లకు, 1964లో, దాని ఆవరణలో అయస్కాంత వేధశాల వెలిసింది. ఇలాంటి వేధశాలలో జరిగే కొలత దగ్గరినుంచి చూడాల్సిన పని. గదికి ఇనుప మేకు ఉండదు, ఇత్తడి, రాగి, చెక్క. కొలిచే మనిషి తాళంచెవులు, ఫోను, బెల్టు, చేతిగడియారం బయట పెట్టి లోపలికి వస్తాడు. రాతిస్తంభం మీద ఇనుము లేకుండా చేసిన థియోడొలైటు, దాని దూరదర్శిని నెత్తిన వేలెడంత ఫ్లక్స్‌గేటు మాపకం. ముందు దూరాన పాతిన గుర్తును దూరదర్శినిలో చూస్తాడు. ఆ గుర్తు నిజమైన దిక్కు నక్షత్రాలతోనో సూర్యుడితోనో ఎప్పుడో తేల్చిపెట్టి ఉంటుంది. తరవాత దూరదర్శినిని మెల్లగా తిప్పుతూ మాపకం సున్నా చూపేచోట ఆపుతాడు. సున్నా అంటే మాపకం క్షేత్రానికి సరిగ్గా అడ్డంగా ఉందని. ఆ కోణం రాసుకుంటాడు. దూరదర్శినిని తలకిందులు చేసి మళ్లీ, ఎదురు దిక్కుకు తిప్పి మళ్లీ, అలా నాలుగు భంగిమల్లో నాలుగు సున్నాలు. పరికరంలోని చిన్న చిన్న వంకరలు నాలుగింటి సగటులో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది ఆ నిమిషపు దిక్పాతం. క్షేత్రం కిందికి వంగే అవపాతాన్నీ ఇలాగే కొలుస్తారు. పక్క గదిలో ఎవరూ ముట్టుకోని యంత్రం రాత్రింబవళ్లు మార్పులను మాత్రం రాస్తూపోతుంది. మనిషి కొలిచిన సంఖ్యలు ఆ యంత్రపు రాతకు పునాదిగట్టు. ఈ పని వారంవారం, ఏళ్ల తరబడి, పండగనీ వాననీ చూడకుండా జరిగితే తప్ప దిక్పాతం ఏడాదికి ఎంత జరుగుతోందో తెలియదు. కోనసీమ బావికి వాడే ప్రపంచ నమూనాలు ఈ సంఖ్యలను కూడా కలుపుకునే తయారవుతాయి.

ఉప్పల్, నాచారం ఆనాడు ఊరి బయట. తరవాత నాచారంలో కార్ఖానాలు వచ్చాయి, లారీలు వచ్చాయి, హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా ఇళ్లు నిండాయి. 2017 నవంబరులో మెట్రో నాగోలు దాకా నడవడం మొదలైంది. దాని స్టేషన్లలో ఒకదాని పేరు ఎన్‌జీఆర్‌ఐ. నానోటెస్లాలో పదో వంతును కొలవాల్సిన యంత్రానికి రోడ్డు మీద ఇనుపస్తంభాలు, బోగీలు, కరెంటు తీగలు పెద్ద అల్లరి. దీన్ని ముందే చూసి సంస్థ 2012 నాటికి విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దగ్గరి తన ఆవరణలో కొత్త వేధశాల నెలకొల్పింది.

ఇలా ఊరు తరిమితే వేధశాల వెళ్లిపోవడం మన దేశంలో మొదటిసారి కాదు. బొంబాయి కొలాబా వేధశాల 1859 సెప్టెంబరులో వచ్చిన మహా అయస్కాంత తుఫానును, 1,600 నానోటెస్లాల పతనాన్ని కాగితం మీద పట్టుకుంది. 1900 ప్రాంతంలో గుర్రపు ట్రాములు తీసేసి కరెంటు ట్రాములు పెడతామని నగరం నిర్ణయించినప్పుడు, వేధశాల అధిపతి నానాభాయ్ మూస్ అలీబాగ్‌ను ఎంచుకుని 1904లో అక్కడ కొత్తది తెరిచారు. ఆయన చేసిన అసలు మంచిపని, పాతదాన్ని వెంటనే మూసేయకపోవడం. 1906 దాకా రెండు చోట్లా ఒకేసారి కొలిచారు. రెండింటి మధ్య తేడా తెలిసింది కాబట్టి కొలాబా, అలీబాగ్ లెక్కలు తెగకుండా ఒకే వరసగా నిలిచాయి. ఉప్పల్, చౌటుప్పల్ విషయంలోనూ రెండూ కలిసి నడిచాయి, రెండింటి సంఖ్యలూ అంతర్జాతీయ వేధశాలల కూటమి ఇంటర్‌మాగ్నెట్‌కు వెళ్తున్నాయి. కొత్తది మొదలవడానికి ఒక్కరోజు ముందు పాతదాన్ని ఆపినా, 1964 నుంచి కట్టిన వరస మధ్యలో తెగేది. అందుకే చౌటుప్పల్ చుట్టూ నిశ్శబ్దాన్ని కాపాడడం ప్రభుత్వం పని అని నేను గట్టిగా నమ్ముతాను. హైవే మీద ఆ వైపే నగరం పెరుగుతోంది. ఇక్కణ్ణుంచీ తరిమితే ఇంకెక్కడికి?

కోనసీమకు చౌటుప్పల్ మూడు వందల ముప్పై కిలోమీటర్ల దూరం. భారతీయ భూఅయస్కాంత సంస్థవారి విశాఖపట్నం వేధశాల ఇంకా దగ్గర, రెండు వందల లోపే. దూరంలోని వేధశాల సంఖ్యలను ఉన్నపళంగా వాడితే ఒక పొరపాటు దొర్లుతుంది. కోనసీమ చౌటుప్పల్‌కు మూడు డిగ్రీలు తూర్పున ఉంది, సూర్యుడు అక్కడ పన్నెండు నిమిషాలు ముందు నడినెత్తికి వస్తాడు. రోజువారీ మార్పు సూర్యుణ్ణి అనుసరిస్తుంది కాబట్టి ఆ వంపును పన్నెండు నిమిషాలు జరిపి వాడాలి. అయస్కాంత తుఫాను అలజడి మాత్రం సూర్యుడి కోసం ఆగదు, అంతటా దాదాపు ఒకేసారి వస్తుంది. దాన్ని జరపకూడదు. రెండింటినీ విడదీసి, ఒకదాన్ని జరిపి, ఇంకొకదాన్ని జరపకుండా కలపడమే ఇందులోని నైపుణ్యం.

అలాంటి తుఫాను వచ్చిన రోజు రిగ్గు మీద ఏమవుతుందో చూద్దాం. ప్రతి సర్వేలోనూ పరికరం చదివిన మొత్తం క్షేత్రాన్ని నమూనా చెప్పినదాంతో పోల్చి, తేడా సుమారు మూడు వందల నానోటెస్లాలు దాటితే ఆ సర్వేను అనుమానిస్తారు. 2024 మే 10, 11 తేదీల్లో ఇరవై ఏళ్లలో ఎన్నడూ రానంత తుఫాను వచ్చింది. లద్దాఖ్‌లో హాన్లే ఆకాశం ఎర్రబడింది. భూమధ్యరేఖకు చేరువ అక్షాంశాల్లో క్షితిజ తీవ్రత సగటున నాలుగు వందల నానోటెస్లాలకు పైగా పడిపోయింది. అలాంటి గంటల్లో బాగున్న పరికరం కూడా చెడినట్టు కనబడుతుంది. ఆ సంగతి తెలియని సిబ్బంది పైపులన్నీ పైకి లాగి పరికరం మార్చడానికి పూనుకుంటే, లోతైన బావిలో అది ఒక రోజు పని. తెలిసినవాళ్లు తుఫాను తగ్గేదాకా తూర్పుపడమర బావుల సర్వేలను నమ్మకుండా పక్కన పెడతారు. గొట్టాల సొంత అయస్కాంతత్వం బావి పొడవునా ఉంటుంది కాబట్టి ఆ దిక్కు బావుల్లోనే అది ముల్లును ఎక్కువ తిప్పుతుంది, దాన్ని లెక్కగట్టి తీసేసే సూత్రాలన్నీ మొత్తం క్షేత్రం విలువ సరైనదన్న నమ్మకం మీదే నడుస్తాయి. సర్వే ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు తీశారో రాసుంటే, తరవాత వేధశాల నుంచి ఆ నిమిషపు క్షేత్రాన్ని తెప్పించుకుని దిక్కును మళ్లీ లెక్కకట్టొచ్చు. సమయం రాసుకోకపోయినా, వేధశాల ఆ రాత్రి ఆగిపోయినా, కేసింగు దించాక గైరోస్కోపుతో బావి మొత్తాన్ని కొత్తగా సర్వే చేయించడం ఒక్కటే దారి.